ముక్కు పిన్నికి వాసన పోయిన ఎనిమిది వారాలు

ఆవిడకి అసలు పేరు లేకపోలేదు, హాజరుపట్టీలో ఉంది. ఆ పట్టీ దాటి బయటికొచ్చాక దాన్ని పలికినవాళ్లు లేరు. టీపొడి కంపెనీలో గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ మొదలుకొని పై అంతస్తు మేనేజరు దాకా అందరికీ ఆవిడ ముక్కు పిన్ని. ముక్కు పెద్దదని కాదు. నిజానికి ఆ ముఖంలో వెతుక్కోవాల్సినంత చిన్న ముక్కు. కానీ ఇరవయ్యారేళ్లుగా ఆ కంపెనీకి వచ్చిన ప్రతి సరుకూ ఆ ముక్కు ఊ అంటేనే గోదాములోకి వెళ్లేది, ఊహూ అంటే వచ్చిన లారీలోనే వెనక్కి తిరిగేది.

చదువు ఐదో తరగతితో ఆగింది. పొట్లాలు అంటించే పనిలో చేరిన కొత్తల్లో ఒకరోజు బస్తాల పక్కనుంచి నడిచి వెళ్తూ, "ఈ లారీలో నిన్న సబ్బులు మోశారా ఏంటి?" అనేసింది. మోశారట. డ్రైవరు నోరు తెరిచాడు, అప్పటి యజమాని కళ్లు తెరిచాడు. మర్నాటి నుంచి పిన్ని రుచి బల్ల దగ్గర.

రుచి బల్లంటే పొడవాటి తెల్లరాతి బల్ల. దానిమీద మూతలున్న చిన్న చిన్న తెల్ల కప్పులు వరసగా ఉంటాయి. ఒక్కో కప్పులో చిటికెడు ఆకు తూచి వేసి, మరిగే నీళ్లు పోసి, సరిగ్గా ఐదు నిమిషాలు మూత పెడతారు. తర్వాత డికాక్షన్ని పక్క గిన్నెలోకి వంచి, మూతమీద మిగిలిన తడి ఆకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. ఆ తర్వాత చెంచాతో కాస్త తీసుకుని జుర్రుమని లాగాలి. ఎంత గట్టిగా లాగితే అంత మంచిది. నోట్లో పడ్డ చుక్క తుంపరై ముక్కు వెనక్కి తగలాలి, అప్పుడే ఆకు గుట్టు బయటపడేది. లాగిన వెంటనే పక్కనున్న తొట్టిలో ఉమ్మేయాలి. పిన్ని జుర్రితే కింద గేటు దాకా వినపడేది. బాగుంటే బస్తా మీద ఎర్రసుద్దతో గీత, తేడా ఉంటే ఇంటూ గుర్తు. ఆ గీత మీద ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు.

అలాంటి ముక్కు మూసుకుపోయింది.

ఉన్నపళంగా ఏం కాదు. మూడేళ్లుగా పొద్దున లేవగానే వరసగా పది పన్నెండు తుమ్ములు వచ్చేవి. వాళ్లాయన సిటీ బస్సు కండక్టరు. "లెక్క తప్పకుండా తుమ్ముతున్నావు, పన్నెండో తుమ్ముకి నేను డ్యూటీ ఎక్కుతా" అని నవ్వేవాడు. తర్వాత కళ్ల కింద బరువు మొదలైంది. వంగితే చెంపల్లో ఎవరో రాళ్లు కూరినట్టుండేది. కనుబొమల మధ్య ఒకటే పోటు. టీపొడి దుమ్ము, పాత బస్తాల బూజు పట్టిన గదిలో పని, ఇవన్నీ మామూలేలే అనుకుంది. ఒకరోజు పొద్దున బల్ల దగ్గర మూత ఎత్తింది. ముఖానికి వేడి తగిలింది. వాసన తగల్లేదు.

ఇంకో మూత ఎత్తింది. ఇంకోటి. ఏమీ లేదు. గోడకి ముక్కు ఆనించినట్టుంది. ఇంటికెళ్లి ఉల్లిపాయ కోసి చూసింది. కళ్లనుంచి నీళ్లొచ్చాయి గానీ ఘాటు రాలేదు. రోజంతా బస్సులో నిలబడి వచ్చిన మొగుడి చొక్కాని ముఖానికి అదుముకుని పీల్చింది. ఏమీ లేదు.

"అంత ప్రేమేంటివాళ?" అన్నాడు కండక్టరు.

"చెమట వాసనొస్తోందా దీనికి?"

"రాకేం, గుప్పుమంటోంది."

పిన్ని మంచం అంచున కూలబడింది.

మందుల షాపులో ఎవరికీ చెప్పకుండా ముక్కులో వేసుకునే చుక్కలు కొంది. వేసిన ఐదు నిమిషాలకి ముక్కు తలుపు తీసినట్టు తెరుచుకుంది. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. కానీ వారం తిరిగేసరికి పూటకోసారి వేసుకునేది గంటకోసారైంది. పదిరోజులకి ఆ తెరుచుకోవడమూ పోయింది. సీసా మాత్రం కొంగుముడిలో ఉండేది, గంట గంటకీ బాత్రూములోకి వెళ్లొచ్చేది.

ఇది ముందుగా పసిగట్టింది కెటిలక్క. బల్ల దగ్గర నీళ్లు మరిగించి కప్పుల్లో పోసే మనిషి, పదమూడేళ్లుగా పిన్ని పక్కనే. ఒకరోజు కావాలని ఒక కప్పులో పొగ వాసన కొట్టే ఆకు వేసింది. పిన్ని జుర్రి, ఉమ్మి, "బాగుంది" అంది.

కెటిలక్క తలుపు దగ్గరకి వేసొచ్చింది. "పిన్నీ, నా కళ్లలోకి చూడు. ఎన్నాళ్లనుంచి?"

పిన్ని ఏడవలేదు. "ఎవరికీ చెప్పకే. ఈ బల్ల పోతే నాకింకేం వచ్చు? ఈ వయసులో మళ్లీ పొట్లాలు అంటించమంటారు" అంది.

"చెప్పను. నువ్వు నాటకం నీ ఇష్టమొచ్చినట్టు ఆడు. వాసన నేను చూస్తా. కెటిల్ మీద చెంచాతో ఒక దెబ్బంటే మంచిది, రెండంటే తేడా."

అలా నాలుగు వారాలు నడిచింది. పిన్ని ఎప్పటిలాగే జుర్రేది, కళ్లు మూసుకునేది, చెవులు మాత్రం కెటిల్ వైపు పెట్టుకునేది. మధ్యలో కెటిలక్క కూతురికి జ్వరమొచ్చి రెండురోజులు రాలేదు. ఆ రెండురోజుల్లోనూ లారీలొచ్చాయి. పిన్ని ఆకుని నలిపి చూసింది, రంగు చూసింది, గుండె గట్టిచేసుకుని గీత గీసింది.

ఆ రెండు లాట్లకే ఉత్తరాలొచ్చాయి. మీ టీపొడి తడి గుడ్డ వాసన కొడుతోందని కొన్నవాళ్లు రాశారు.

కొత్త మేనేజరు వచ్చి నాలుగు నెలలైంది. కేకలేసే మనిషి కాదు. ఎంత కోపమొస్తే అంత మెల్లగా మాట్లాడతాడు, అందుకే అందరికీ హడల్. ఆ రోజు అతని మాట వినడానికి ముందుకి వంగాల్సి వచ్చింది.

"పిన్నిగారూ, ఈ రెండూ మీరు పాస్ చేసినవే. ఇటు మీ ముక్కన్నా తప్పాలి, అటు గోదాములో అన్నా తడవాలి. ఇరవై రోజుల తర్వాత, నెల మొదటి తారీఖున, ఆరు కప్పులు పెడతాను. అందులో ఒకటి చెడ్డది. మీరు పట్టుకుంటే మీ బల్ల మీది. లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం."

గోదాం బాబాయి అక్కడే ఉన్నాడు. బస్తాలు సర్దించే పెద్దమనిషి, పిన్నికంటే రెండేళ్లు ముందు చేరినవాడు. "నా గోదాములో చుక్క పడదు బాబూ. ఈవిడ గీత గీసిందంటే ఆ సరుకు బంగారమే. మరి ఎక్కడ తడిసిందో నాకే అంతుబట్టడం లేదు" అన్నాడు. ఆ మాటకి పిన్ని తలొంచుకుంది.

ఆ సాయంత్రమే కండక్టరు ఆవిణ్ని చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు. డాక్టరమ్మ ముక్కులోకి లైటు వేసి చూసి, కొంగుముడిలో సీసా బయటికి తీయించింది.

"ఇదెన్నాళ్లనుంచి?"

"నెల దాటింది."

"మూడు నాలుగు రోజులు దాటి వాడకూడదమ్మా ఇది. వాపు తగ్గించినట్టే తగ్గించి రెండింతలు చేస్తుంది. మీకున్నది ఎలర్జీ. దుమ్ముకీ బూజుకీ లోపలి పొర ఉబ్బిపోయింది. ముఖం ఎముకల్లో ఉండే గదుల దారులు మూసుకుపోయాయి, ఆ బరువంతా అదే. ఈ చుక్కలు ఇవాళే మానేయండి. ఈ స్ప్రే రోజూ పొద్దున వాడండి. స్టెరాయిడ్."

కండక్టరు కుర్చీలోంచి లేచాడు. "స్టెరాయిడా! కండలు పెంచుకునేవాళ్లు వేసుకునేదా? ఇప్పటికే ఇంట్లో మాట నెగ్గడం లేదు డాక్టరమ్మా, ఇంక కండలు కూడా వస్తే నేను బతకను."

"అది వేరు, ఇది వేరు. చాలా కొంచెం మందు, ముక్కులోనే పనిచేస్తుంది. ఒకటే సంగతి, ఇది చుక్కల్లా ఐదు నిమిషాల్లో పనిచేయదు. కొన్ని రోజులు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు. తేడా కనపడట్లేదని మధ్యలో మానకండి."

రెండు వారాలు! పిన్ని వేళ్లమీద లెక్కేసుకుంది. ఇరవైలోంచి పద్నాలుగు పోతే ఆరు. సరిపోతుంది, దేవుడు చల్లగా చూస్తే.

చుక్కలు మానిన మొదటి మూడు రోజులు నరకమే. నోటితో గాలి పీలుస్తూ కూర్చునే నిద్రపోయింది. పొద్దున స్ప్రే కొట్టుకునేది. కొట్టుకోగానే గొంతులో చేదు. నాలుక మీద ఆ చేదు మధ్యాహ్నం దాకా పేరుకుని ఉండేది. ముక్కు ఎలాగూ లేదు, ఇప్పుడు నాలుక కూడా పోతోందని భయం పట్టుకుంది. ఎనిమిది రోజులు గడిచాయి. బరువు తగ్గలేదు, వాసన రాలేదు. తొమ్మిదోరోజు సీసాని కిటికీలో విసురుగా పెట్టేసింది.

"ఇది మందు కాదు, వేపరసం. నా నాలుక మొద్దుబారిపోతోంది. నాకొద్దు."

"డాక్టరమ్మకి చెప్పి మానెయ్" అన్నాడు కండక్టరు. "నీకు నువ్వే మానడమేంటి? నా బస్సు నడుస్తుండగా దూకేవాళ్లు చెప్పే మాటలే ఇవి."

తిడుతూనే బయల్దేరింది. డాక్టరమ్మ అంతా విని ఒకటే అడిగింది. "ఎలా కొట్టుకుంటున్నారో నా ముందు ఒకసారి చేసి చూపించండి."

పిన్ని తల వెనక్కి వాల్చింది. గొట్టాన్ని ముక్కులో నిటారుగా పెట్టి నొక్కింది. నొక్కుతూనే, ఇరవయ్యారేళ్ల అలవాటు కదా, జుర్రుమని లాగింది. ఆ చప్పుడుకి బయట కూర్చున్న రోగులు తలుపు వైపు తిరిగారు. ఎవరిదో పసిబిడ్డ ఏడుపందుకుంది.

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ అడిగింది. "మీరేం పని చేస్తారు?"

"టీ రుచి చూస్తా."

"అనుకున్నా. అమ్మా, మీరు మందు ముక్కుకి వేయట్లేదు, టీ జుర్రినట్టు గొంతులోకి జుర్రేస్తున్నారు. ఎనిమిది రోజులూ ముక్కు లోపల నిలిచింది తక్కువ, మింగింది ఎక్కువ. ఇలా చూడండి. సీసా ఊపండి. తల వెనక్కి కాదు, కాస్త ముందుకి వంచండి. ఎడమ రంధ్రానికి కుడిచెయ్యి, కుడి రంధ్రానికి ఎడమచెయ్యి. గొట్టం మధ్య గోడ వైపు కాదు, చెవి వైపు తిరగాలి, లేకపోతే గోడ ఒరుసుకుని రక్తం వస్తుంది. నొక్కేటప్పుడు నిద్రపోతున్న బిడ్డ ఊపిరి తీసినట్టు మెల్లగా తీయండి. ముందు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి. కొట్టాక వెంటనే చీదకండి."

మెట్లు దిగుతూ కండక్టరు నవ్వాపుకోలేకపోయాడు. "ముక్కు స్టాపులో దిగాల్సిన ప్యాసింజరుని గొంతు డిపో దాకా లాక్కుపోతున్నావన్నమాట."

పిన్ని నవ్వలేదు. ఇంక పదకొండు రోజులే ఉన్నాయి.

గట్టిగా లాగకుండా ఉండటం ఆవిడకి ఎంత కష్టమో చెప్పలేం. అద్దం ముందు నిలబడి, చెయ్యి మార్చి, ముక్కుని ఊరికే ఉండమని బతిమాలుకునేది. మూడోరోజుకి గొంతులో చేదు పోయింది. నాలుగోరోజు చెప్పు తొడుక్కోవడానికి వంగింది, చెంపల్లో రాళ్లు కదల్లేదు. తుమ్ములు పన్నెండు నుంచి నాలుగుకి దిగాయి. వాసన మాత్రం రాలేదు. ఐదోరోజూ రాలేదు. బల్ల దగ్గర కెటిల్ మీద ఒక దెబ్బ, రెండు దెబ్బలు మోగుతూనే ఉన్నాయి. మేనేజరు అప్పుడప్పుడు వచ్చి తలుపు దగ్గర ఊరికే నిలబడేవాడు. అతను నిలబడినప్పుడల్లా కెటిలక్క చెంచా తడబడేది, ఒక దెబ్బ ఒకటిన్నరలా వినపడేది.

ఏడోరోజు పొద్దున స్ప్రే నొక్కి మెల్లగా ఊపిరి తీసింది. పూల వాసన! పిన్ని చుట్టూ చూసింది. ఇంట్లో పువ్వన్నదే లేదు. మళ్లీ సీసా మూత దగ్గర ముక్కు పెట్టింది. ఆ మందుకే ఏదో గులాబీ లాంటి వాసన ఉంది. పదిహేను రోజులనుంచి ముక్కులో కొట్టుకుంటున్న మందుకి వాసన ఉందని ఆవిడకి అప్పుడే తెలిసింది.

"ఏమండీ!" అని వీధిలోకి వినపడేలా అరిచింది.

కానీ ఆ వాసన వచ్చినట్టే వచ్చి పోయేది. ఒకపూట ఉంటుంది, ఇంకోపూట ఉండదు. పొగ లాంటి మొరటు వాసనలు తెలిసేవి, ఆకులో ఉండే సన్నటి తీపి తెలిసేది కాదు. తడిదో? తడి వాసన మొరటుదీ కాదు, సన్నదీ కాదు, మధ్యలో ఉంటుంది. అది అందుతుందో లేదో ఆవిడకే తెలియదు.

మొదటి తారీఖు వచ్చింది. ఆరు కప్పులు. కెటిలక్క ముందే చెవిలో ఊదింది. "భయపడకు, నేనున్నా." మేనేజరు వస్తూనే కెటిల్ అందుకున్నాడు. "మీరు బయట కూర్చోండి. నీళ్లు నేను పోస్తా."

తలుపు మూసుకుంది. గదిలో మేనేజరు, గోదాం బాబాయి, పిన్ని. ఐదు నిమిషాల గడియారం టిక్కు టిక్కుమంటుంటే పిన్ని చీర అంచుతో అరచేతులు తుడుచుకుంటూ నిలబడింది.

మొదటి కప్పు. మూత ఎత్తి వంగింది. ఏమీ లేదు. మంచిదై ఏమీ లేదా, ముక్కు లేక ఏమీ లేదా? జుర్రింది. ముక్కు వెనక సన్నగా ఆకు వాసన తగిలింది, అబ్బ, ఉంది. రెండోది. మూడోది. మూడోదానిలో అసలేమీ అందలేదు. మళ్లీ చూసింది. మేనేజరు పెన్ను క్యాప్ తీశాడు. పిన్ని దాన్ని దాటి నాలుగోదాని మూత ఎత్తింది.

తడిసి ఆరిన అట్టపెట్టె. తలుపులేసి ఉంచిన గది. అది ముక్కులోకి మెల్లగా వచ్చి కూర్చుంది. జుర్రాల్సిన పని కూడా లేకపోయింది.

ఐదూ ఆరూ చూశాకే నోరు విప్పింది. "నాలుగోది. తడి."

మేనేజరు కాగితం తిప్పి చూశాడు. మొదటిసారి అతని గొంతు మామూలుగా వినపడింది. "కరెక్టే. మీ బల్ల మీదే పిన్నిగారూ." తర్వాత గోదాం బాబాయి వైపు తిరిగాడు. గొంతు మళ్లీ మెల్లగా అయిపోయింది. "అంటే ముక్కు తప్పలేదు. సరుకు మీ దగ్గరే తడిసింది. రేపటినుంచి తాళాలు ఆఫీసులో ఇచ్చేయండి."

బాబాయి జేబులోంచి తాళాలగుత్తి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

పిన్నికి ఇక ఊరుకుంటే చాలు. ఊరుకుంటే బల్ల ఉంటుంది, సుద్ద ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఊపిరి తీసి వదిలేంతసేపు ఊరుకుంది కూడా.

"ఆయన దగ్గర తాళాలు తీసుకోకండి" అంది. "ఆ సరుకు లారీ దిగినప్పుడే తడిది. నేనే గీత గీశా. నాకప్పుడు వాసన లేదు. ఎనిమిది వారాలనుంచి లేదు."

మేనేజరు పెన్ను కిందపెట్టాడు. "ఎనిమిది వారాలా? మరి మిగతా లాట్లన్నీ బాగున్నాయే. అవెవరు చూశారు?"

పిన్ని తలుపు వైపు చూసింది. తలుపు అంతకుముందే బెత్తెడు తెరుచుకుని ఉంది. ఆ సందులో కెటిలక్క కన్నొకటి కనపడుతోంది.

"లోపలికి రండి" అన్నాడు మేనేజరు.

కెటిలక్క వచ్చింది. మేనేజరు కప్పుల వరస మార్చి పెట్టాడు. ఆమె చెంచా ముట్టుకోలేదు. మూతలమీద ఆకు వాసన చూసుకుంటూ పోయి, "ఇది" అని రెండో కప్పుని ఇవతలికి నెట్టింది. అంతకుముందు నాలుగోది, ఇప్పుడు రెండో స్థానంలో ఉన్నది అదే.

మేనేజరు ఆ కప్పు మీద మూత పెట్టి చెప్పాడు. నెలపాటు బల్ల దగ్గర కెటిలక్క. పొయ్యి దగ్గర పిన్ని. పిన్ని డాక్టరమ్మ కాగితం తెచ్చి, ఆరు కప్పులూ సన్నటి తీపితో సహా చెప్పగలిగిన రోజున ఇద్దరూ బల్ల దగ్గర. ఇకమీదట ఏ బస్తాకైనా రెండు ముక్కులు. ఎవరికి జలుబు చేసినా పొద్దున్నే చెప్పి పక్కకి తప్పుకోవాలి. దాస్తే మాత్రం ఇంటికే. తాళాలు బాబాయి దగ్గరే.

బాబాయి బయటికి వెళ్తూ పిన్ని దగ్గర ఆగాడు. "ఇన్నేళ్లలో నీ గీతని ఒక్కరోజు అనుమానించలేదు. ఇరవై రోజులు నా నిద్రలో కూడా పైకప్పు ఎక్కి చిల్లు వెతుక్కున్నా" అన్నాడు. ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు పిన్ని ఇంట్లో ముక్కు కడుక్కుని, తల వంచి, చెయ్యి మార్చి, మెల్లగా స్ప్రే కొట్టుకుని పనికొచ్చింది. పొయ్యి వెలిగించింది. ఇరవయ్యారేళ్లుగా పక్కవాళ్లు మరిగించిన నీళ్లే తప్ప తను మరిగించింది లేదు.

"పిన్నీ, నీళ్లు చచ్చిపోయాయి, అంతసేపు మరిగించకూడదు" అంది కెటిలక్క, కొత్త అధికారంతో.

"నువ్వు జుర్రే జుర్రు చూస్తే పిల్లి పాలు తాగినట్టుంది. గట్టిగా లాగవే!"

"నువ్వే కదా, డాక్టరమ్మ మెల్లగా లాగమందన్నావు?"

"అది మందుకి. టీకి కాదు!"

అప్పుడే గోదాం బాబాయి నమూనా ఆకు పొట్లం పట్టుకొచ్చాడు. పిన్నిని దాటిపోయి కెటిలక్క చేతిలో పెట్టాడు. వారం రోజులు అలాగే చేశాడు. పిన్ని రోజూ కప్పుల్లో నీళ్లు పోస్తూ ఆయన వైపు చూసేది, ఆయన చూసేవాడు కాదు. ఎనిమిదోరోజు పిన్ని రెండు చేతులా కెటిల్ ఎత్తింది. పెద్ద కెటిలది, నిండా ఉంది, పక్కకి ఒరిగింది.

"చూసుకో" అన్నాడు బాబాయి, పొట్లం విప్పుతూ. "కాళ్లమీద పోసుకుంటావు."

పిన్ని కెటిల్ దించి, ఈసారి సగం నీళ్లతోనే ఎత్తింది.